గోడకు చెప్పిన ఎనుము కథ

కువైట్ ఎండ సంగతి చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆగస్టు నెలలో అక్కడి కోళ్ళు ఉడికిన గుడ్లే పెడతాయి. పైన ఉప్పు చల్లుకుని తినడమే మన పని. అలాంటి ఎండలో, ఇరాకోళ్ళు ట్యాంకులేసుకుని దిగిన వారంలోనే, మా పెంచల్ పెండ్లాం వెంకటేశ్వరికి నొప్పులొచ్చాయి. కాన్పుకు ఇండియా పోవాలని టిక్కెట్టు తీసి పెట్టెలో పెట్టుకుని ఉంది. పోవడానికి విమానాలే లేవు. ఆ ముక్క కడుపులో ఉన్న బిడ్డకు ఎవరు చెప్పాలి? పెద్దాసుపత్రిలో మలయాళీ నర్సమ్మలు కొందరు ఇంకా పని వదల్లేదు. వాళ్ళ చేతుల్లో ఆడబిడ్డ పుట్టింది. పడకలు చాలక మరుసటి రోజే తల్లినీ బిడ్డనూ కారెక్కించి పంపేశారు.

పెంచల్ నాకు చిన్నాయన కొడుకు. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వెంకటేశ్వరి అదే ఇంట్లో పనిమనిషి. వాళ్ళ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఆలుబిడ్డలతో ఎండాకాలం గడపడానికి ఈజిప్టు పోయి, యుద్ధం రావడంతో అక్కడే నిలిచిపోయాడు. నేను పక్క వీధిలో వంటవాణ్ణి. నా కఫీల్ సౌదీ వైపు కారు తోలుకుని పోతూ, "బాలసుబ్బయ్యా, ఇల్లు భద్రం" అని తాళాలు నా చేతిలో పెట్టాడు. తినే నోరు లేని ఇంట్లో వంటవాడు ఎవరికి వండాలి? గరిటె చంకన పెట్టుకుని పెంచల్ దగ్గరికి వచ్చేశాను. బాలింతకు వేళకింత ఉడకేసే దిక్కు కావాలి కదా.

ఇక్కడ మా వరస ఒకటి చెప్పాలి. మా వైపు తమ్ముడి పెండ్లాం బావతో నేరుగా మాట్లాడదు. బావ కూడా మాట్లాడడు. ఏదైనా తప్పనిసరి అయితే ఇద్దరూ గోడకు చెప్పుకుంటారు. నేను వరండాలో కూర్చుని, "ఏం గోడా, చారులో ఉప్పు తగ్గిందా?" అంటాను. తలుపు తెర అవతల నుంచి, "సరిపోయిందిలే గోడా" అని వస్తుంది. బిడ్డ పుట్టాక గోడకు కాస్త విశ్రాంతి దొరికింది. ఇద్దరమూ బిడ్డకు చెప్పుకోవడం మొదలుపెట్టాము.

మొదటి నాలుగు రోజులూ బాగానే జరిగింది. తర్వాత తెర అవతల నుంచి ఒక చప్పుడు రాసాగింది. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఎత్తుకుంటుంది, ఏడుపు ఆగుతుంది, ఆగిన వెంటనే "స్స్స్..." అని తల్లి పళ్ళ సందున ఊపిరి లాగుతుంది. కాలుతున్న పెనం మీద చెయ్యి పడినవాడి చప్పుడది. వంటవాణ్ణి కదా, నాకు తెలియదా?

రొట్టెల కోసం వరసలో నిలబడినప్పుడు పెంచల్‌ను అడిగాను. ఆ వరసల సంగతీ చెబితే నమ్మరు. నున్నగా గీసుకుని చివర నిలబడినవాడికి కొట్టు దగ్గరికి వచ్చేసరికి గడ్డం పెరిగేది. పెంచల్ అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పాడు.

"చనుమొనలు పగిలిపోయినాయన్నా. నెత్తురు గూడ వస్తాంది. బిడ్డ నోరు పెడితే సూదులేసి కుట్టినట్టుంటాదంట. బిడ్డ ఏడిస్తే పాలియ్యల్లనే బయంతో అది గూడ ఏడుస్తాంది."

"మరి ఎట్లరా?"

"డబ్బా పాలు కలుపుతాండా. మామా కడపటి పిల్లోనికి తెచ్చిన డబ్బా ఒకటి స్టోరులో ఉండాది. అదీ సగానికి దిగింది."

అరబ్బు ఇళ్ళలో యజమానురాలిని మామా అంటారు. మన మేనమామతో దానికి సంబంధం లేదు.

డబ్బా అయిపోతే ఇంకో డబ్బా దొరికే కాలం కాదది. జమియా అనే సహకార దుకాణాల్లో అరలు తుడిచి పెట్టినట్టున్నాయి. పెంచల్ ఊరుకోక సబ్హాన్ గోదాముల దాకా పోయి, ఎవడి దగ్గరో ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. దాని మీద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ, పక్కన ఏదో తెలియని భాష. ఆనందంగా విప్పాము. వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను. ఒంటికి చల్లుకునే పౌడరు! రెండు రోజులు నేను ఏం మాట్లాడినా గుప్పున మల్లెపూల వాసన వచ్చేది.

ఆ వారంలోనే ఖాజా హుస్సేన్ వచ్చాడు. రాయచోటి మనిషి. అబూ హలీఫాలో ఉన్న మన వాళ్ళనందరినీ పోగుచేసి, బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోవడానికి బస్సు మాట్లాడుతున్నాడు. అక్కడ నుంచి విమానాలు ఇండియాకు తీసుకుపోతాయని అందరూ అంటున్నారు. బిడ్డను చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత పెంచల్‌ను పక్కకు పిలిచాడు.

"పెంచల్, కోపం చేసుకోవాకప్పా. దావలో మంచినీళ్ళకే గతి లేదంటాండారు. సీసా కడిగేదానికి, పాలు కాంచేదానికి యాడ కుదురుతాది? ఆ ఎండకు డబ్బా పాలు గంటలో ఇరిగిపోతాయి. బిడ్డ తల్లిపాలు తాగేటట్టుంటే నా బస్సులో ముందు సీటు మీదే. లేకపోతే... తీసకపోయేదానికి నాకు దైర్యం సాల్లేదు. వచ్చే శుక్రవారం దాకా సూస్తా."

న్యాయంగానే చెప్పాడు. తెర అవతల వెంకటేశ్వరి వింటూనే ఉంది. ఆ పూట బిడ్డ ఏడిస్తే డబ్బా కలపనివ్వలేదు. మళ్ళీ ఆ "స్స్స్..." వినబడింది, ఈసారి దాని వెనకే వెక్కిళ్ళు. నేను చారులో మిరియాలు వేశానో లేదో మరిచిపోయి రెండోసారి వేశాను.

మరునాడు పొద్దున తల్లి స్నానానికి పోతూ బిడ్డను పెంచల్ చేతికిచ్చింది. పెంచల్ నా ఒళ్ళో పెట్టాడు. నా ముక్కు సంగతి మీకు తెలియదు. రాయచోటిలో ఎవరైనా ఎండుమిరపకాయల తాలింపు వేస్తే నేను కువైట్‌లో తుమ్ముతాను. బిడ్డ బుగ్గ దగ్గర ముక్కు పెట్టాను. పసిబిడ్డ మూతి దగ్గర ఏం వాసన రావాలి? పాల వాసన రావాలి. ఆసుపత్రి వరండా వాసన వచ్చింది.

"ఒరేయ్, బిడ్డ మూతికి డెట్టాల్ పూసినారా?"

"ఎవురు పూస్తారన్నా? ఇల్లంతా అదే వాసన గదా."

ఆ మాట నిజమే. ఆ ఇంటి మామాకు డెట్టాల్ అంటే ప్రాణం. నేల తుడవడానికి, తలుపు గడియలకు, పిల్లల బొమ్మలకు, చివరికి బజారు నుంచి వచ్చిన కాయగూరలకు కూడా. స్టోరులో బియ్యం అడుగంటుతున్నాయి గానీ, డెట్టాల్ మటుకు ఇరాక్ సైన్యం మొత్తానికి తలంటు పోసేంత ఉంది. వెంకటేశ్వరి ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఆ నీళ్ళలో చేతులు ముంచిన మనిషి. నాకు విషయం అర్థమైంది. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ముందు ఏం కడుగుతోందో, దేనితో కడుగుతోందో తెలిసిపోయింది.

"పొయ్యి చెప్పరా, ఆ నీళ్ళతో కడగొద్దని."

"నేనా? శుబ్రం ఇసయంలో నా మాట వింటాదా? నా చేతులు సూసినాకనే బిడ్డనిస్తాది. నువ్వు చెప్పన్నా."

నేనెట్లా చెబుతాను? తమ్ముడి పెండ్లాం. చారులో ఉప్పు సంగతే గోడకు చెప్పే వరస మాది. అందులోనూ ఇది రొమ్ముల సంగతి. గోడ కూడా సిగ్గుపడుతుంది.

అప్పుడు నేను నాకు చేతనైన పని చేశాను. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, తల్లి లోపలికి వచ్చి గాజుల చప్పుడు వినబడేదాకా ఆగి, గట్టిగా కథ ఎత్తుకున్నాను.

"ఏం పాపా, మా ఊరి రెడ్డెమ్మ ఎనుము కథ నీకు చెప్పలేదు గదా? ఇను. రెడ్డెమ్మ ఎనుము పూటకు పది శేర్లిచ్చేది. పాలు పితికేదానికి కూర్చుంటే రెడ్డెమ్మ కుచ్చిళ్ళు తడిసేవి. ఒగరోజు టౌన్లో ఎవురో చెప్పినారంట, శుబ్రం గావల్ల, శుబ్రం గావల్ల అని. ఆపొద్దు నుంచి పితికేటప్పుడల్లా ఉడుకునీళ్ళలో చాకలి సోడా కలిపి ఎనుము చన్నులు రుద్దేది. పూటకు రెండుసార్లు రుద్దేది. ఏమయింది? వారం తిరిగేకుందికి చన్నులు ఎండాకాలం రేగడి చేనట్ల నెర్రెలిచ్చినాయి. ఆ నెర్రెల్లో ఒగ ఉడత దూరి దావ దప్పింది."

తెర అవతల గాజుల చప్పుడు ఆగింది.

"ఎనుము దూడను గూడ దగ్గరికి రానియ్యలా. రెడ్డెమ్మ చెయ్యి తగిలితే ఒగ తన్ను తన్నింది సూడు, రెడ్డెమ్మ గాల్లో లేసిపొయ్యి తిరపతి బస్సు మిందపడింది. కండక్టరు టిక్కెట్టు కొట్టినాడు. సరేలే, టిక్కెట్టు కొట్నాక ఏం జేస్తాది, కొండకు పొయ్యి గుండు కొట్టించుకోని, సుట్టాలిండ్లన్నీ తిరుక్కోని వచ్చింది. వచ్చి సూస్తే చన్నులు నున్నగుండాయి, దూడ కడుపు నిండా తాగి గెంతులేస్తాంది. ఏం మందు పెట్టినారబ్బా అని అడిగితే, ఏం పెట్టలా, నువ్వు లేవు గదా, రుద్దేవాళ్ళు ల్యాకపాయిరి, అదే మానిపాయ అన్నారంట."

తర్వాత తెర వెనక నుంచి బిడ్డకు జవాబు వచ్చింది.

"పాపా, మీ పెదనాయనకు చెప్పు. మీయమ్మ ఎనుము గాదని."

"అట్ల నేనన్యానా పాపా? ఎనుము కథ చెప్తాండా, అంతే."

"మామా పిల్లోల్లకు ఒగనాడన్నా కడక్కుండా పాలిచ్చినామా అని అడుగు. ఆ పిల్లోల్లు బంగారు, నా బిడ్డ మాత్రం మన్నా?"

బిడ్డను పెంచల్ చేత లోపలికి పంపి, గేటు దాకా నడిచాను.

నా అదృష్టం కొద్దీ అదే సమయానికి గురమ్మ వచ్చింది. గురమ్మ నాకు మరదలి వరస, మా పక్కూరు. రెండు సందుల అవతల ఇంట్లో వంటపని చేసేది. ముగ్గురు పిల్లల్ని కని, పెంచి, వాళ్ళ కోసమే ఈ దేశం వచ్చిన మనిషి. గేటు దగ్గరే నా మొహం చూసి నిలబడింది.

"ఏం బావా, వంకాయ మాడ్చుకున్నెట్ల మొగం పెట్నావ్?"

"నీ కోసమే ఎదురుసూస్తాండా మరదలా. నువ్వు లేకపోతే నా మొగం ఇట్లే ఉంటాది."

"పో, పో. ఆ మాటలు పెనానికి చెప్పు, ఏగుతాయి. ఏమైంది చెప్పు."

చెవిలో చెప్పాను. చెప్పు విప్పీ విప్పక ముందే తెర తీసుకుని లోపలికి పోయింది. ఇక లోపల జరిగింది నేను చూడలేదు. విన్నదే చెబుతున్నాను. ముక్కు అంత కాకపోయినా నా చెవులు కూడా చెప్పుకోదగినవే.

"ఏదీ, సూపియ్యి. సిగ్గెందుకుమ్మే? నాకు లేవా? ... అయ్యయ్యో, తల్లీ! ఈ తోలేంది ఇట్ల ఎండిపొయ్యి లేస్తాంది? ఈ బేసిన్లో నీళ్ళేంది తెల్లగ?"

"డెట్టాల్ అక్కా."

"నేల తుడిసే నీళ్ళు!"

"నేల తుడిసేదానికి వేరే బేసిను."

"బేసిను వేరే అయితే మందు వేరే అయితాదా? ఆడ దేవుడే రోంత జిడ్డు పెట్టినాడమ్మే, అది ఎండిపోకుండా. దాన్ని నువ్వు పొద్దస్తమానం తోమి తోమి తీసేస్తాండావ్. స్నానంలో తగిలే నీళ్ళు సాలు. సబ్బు గూడ వద్దు."

నీళ్ళు బయటికి పారబోసిన చప్పుడు. వెంకటేశ్వరి ఏదో గొణిగింది. గురమ్మ గొంతు తగ్గింది.

"మామా పిల్లోల్లు తాగింది సీసా పాలు. సీసాకు పురుగు పడ్తాది, కడగాల్సిందే. తప్పని నేనంటాండానా? నువ్వు బాగనే సాకినావ్. నీ బిడ్డకు సీసా లేదు గదా ఈడ. నువ్వే ఉండావ్. సరే, బిడ్డకియ్యి, ఎట్లిస్తావో సూస్తా."

కాసేపటికి మళ్ళీ "స్స్స్..."

"ఆగాగు! ఇట్ల యెల్లకిలా పండుకోబెట్టి, మూతిలో మొన పెడ్తావా?"

"నలుగురు పిల్లోల్లకు ఇట్లనే పట్టించినా అక్కా. ఒగరన్నా ఏడ్సలా."

"అది రబ్బరుమ్మే! యాడికి వంచితే ఆడికి వంగుతాది. నీది రబ్బరా? బిడ్డ మొన పట్టుకోని నములుతాంది, పగలక ఏం జేస్తాది?"

నాకు అప్పుడు వెలిగింది. పాపం, ఈ పిల్ల పెళ్ళయిన ఏడాదికే కువైట్ వచ్చింది. తల్లి ఒళ్ళో చంటిబిడ్డ ఎట్లా తాగుతుందో దగ్గర కూర్చుని చూసే వయసంతా ఈ దేశంలో సీసాలు ఉడకబెట్టడంలోనే పోయింది. తనకు తెలిసిన పనిని తనకు తెలిసినట్టు, నూటికి నూరుపాళ్ళు శ్రద్ధగా చేసింది. అదే వచ్చిన చిక్కు.

"బిడ్డను నీ తట్టు తిప్పు. మొత్తం తిప్పు, తల ఒగటే గాదు. కడుపుకు కడుపు ఆనల్ల. ఆ, అట్ల. మొనను పెదివికి ఆనించు, అంతే, లోపలికి తొయ్యగాకు. నోరు తెరిసేదాకా ఆగు. ఇంగా తెరసల్ల. పిచ్చుక పిల్ల తెరిసినట్ల తెరసల్ల. ఇంగా... ఆ! ఇప్పుడు లాక్కో బిడ్డను! నువ్వు వంగగాకు, బిడ్డ రావల్ల నీ దగ్గరికి. సుట్టూ నల్లగుండేది గూడ నోట్లోకి పోవల్ల."

"అబ్బా!"

"నొస్తాంటే పెరకగాకు. నోటి మూలలో చిటికినేలు పెట్టి ఇడిపించు. మళ్ళ పట్టియ్యి."

మళ్ళీ. ఇంకోసారి మళ్ళీ. బిడ్డకు కోపం వచ్చింది, తల్లికి ఏడుపు వచ్చింది, గురమ్మకు రెండూ వచ్చాయి. బయట పెంచల్ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగి తిరిగి పాలరాయి మీద దావ పడేటట్టు చేశాడు. ఆ పూట ఒక్కసారి మటుకు కుదిరింది. ఆ తర్వాత బయటికి వచ్చి గురమ్మ నా చేతిలో నిన్నటి చారు గ్లాసు లాక్కుని ఒక్క గుక్కలో తాగేసింది.

"ఇదేం చారు బావా, మిరియాలు రెండుతూర్లు ఏసినావా?"

"నీ నోటికి అది గూడ తక్కువే."

ఒకరోజులో మానిపోయే పుండు కాదది. మరునాడు కుడివైపు మళ్ళీ నెత్తురు వచ్చింది. వెంకటేశ్వరి డబ్బా తెమ్మంది. బస్సు వద్దు, ఊరు వద్దు, నేనిక్కడే ఉంటానని మొండికేసింది. పెంచల్ చెంచా పట్టుకుని డబ్బాలో పొడి తీస్తూ సగం నేలపాలు చేశాడు. గురమ్మ తిట్టలేదు. తక్కువ నొప్పి ఉన్న వైపు ముందు ఇవ్వమంది. బిడ్డ ఆకలి తీరి నెమ్మదించాక రెండో వైపు. తాగడం అయ్యాక తన పాలే నాలుగు చుక్కలు పిండి ఆ పగుళ్ళ మీద రాసుకుని గాలికి ఆరనిమ్మంది. బిగుతు రవికలు మాన్పించి తన వదులు గౌను ఒకటి ఇచ్చింది. ఆ గౌనులో వెంకటేశ్వరి లాంటివాళ్ళు ఇంకో ఇద్దరు పట్టేవాళ్ళు. గాలి బాగా ఆడుతుందని గురమ్మ అంది కాబట్టి, ఆ సంగతి నేను గోడకు కూడా చెప్పలేదు.

చలువ యంత్రం ఆ వేళకు తిరిగితే తిరిగేది, లేకుంటే లేదు. గాలికి ఆరేటప్పుడు పెంచల్ తలుపు దగ్గర కాపలా. ఒకసారి ఇరాక్ సిపాయిలు ఇద్దరు గేటు తట్టి కార్లు ఏమన్నా ఉన్నాయా అని అడిగారు. మా పెంచల్ వాళ్ళ తుపాకుల వైపు చూడకుండా, "ఇష్, ఇష్" అని నోటి మీద వేలు పెట్టి, చేతులతో ఉయ్యాల ఊపి చూపించాడు. వాళ్ళు మెల్లగా మాట్లాడి, మెల్లగా గేటు వేసి పోయారు. ఇది మటుకు నిజంగా జరిగింది, నా తోడు.

మెల్లగా పుండు పక్కు కట్టింది, పక్కు రాలింది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే వరస కాదు. నేను చప్పుడును బట్టి తెలుసుకున్నాను. "స్స్స్" మొదట పొడుగ్గా ఉండేది, తర్వాత పొట్టిదైంది. ఒకరోజు పెసరపప్పు ఏరుతూ కూర్చున్నాను. బిడ్డ ఏడ్చింది, ఆగింది. నేను చేట పట్టుకుని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. ఇంకాసేపటికి చిన్న చప్పుడు వినబడింది. గుటక. ఒక గుటక, ఆగి ఇంకో గుటక. కుండలోకి నీళ్ళు దిగినట్టు, అంత నింపాదిగా.

పెంచల్ నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. ఇద్దరమూ ఏదో నేరం చేసినట్టు తలలు దించుకుని పప్పు ఏరాము.

లోపల నుంచి మాట వచ్చింది. "పాపా, మీ పెదనాయనను అడుగు. పొద్దుటిది రోంత అన్నం మిగిలి ఉండాదా అని. శానా ఆకలైతాంది."

పొద్దుటిది ఎందుకు పెడతాను? వేడిగా వండాను. తెల్లగడ్డల కారం, నెయ్యి, పెసరపప్పు. స్టోరులో ఉన్న మామా నెయ్యి సీసా మూత ఆ రోజే విప్పాము. బిడ్డ ఒళ్ళో తాగుతూనే ఉంటే పెంచల్ ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు. తినే చప్పుడును బట్టి చెబుతున్నాను, ఒక ట్యాంకుకు పోసే పెట్రోలంత అన్నం తినేసింది. ఇంత మంచి పూట నా వంటకు అంతకు ముందు ఎప్పుడూ దొరకలేదు.

శుక్రవారం ఖాజా హుస్సేన్ బస్సుతో వచ్చాడు. పొద్దు ఇంకా బారెడు కూడా ఎక్కలేదు, అప్పటికే ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకుంటోంది. బస్సు నిండా అబూ హలీఫా మనుషులు, ట్రంకులు, పరుపులు, టేపు రికార్డర్లు. గురమ్మ అందరికంటే ముందు ఎక్కి కిటికీ పక్క కూర్చుంది. నేను నా గరిటె, రెండు డేక్సాలు, పులిహోర మూట ఎక్కించాను. ఖాజా దిగి పెంచల్ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, బిడ్డ?"

పెంచల్ జవాబు చెప్పేలోపే బిడ్డే చెప్పింది. వీధి వీధంతా వినబడేటట్టు ఏడుపు అందుకుంది. ఆకలి ఏడుపు.

బస్సు డ్రైవరు బస్రా మనిషి. మీసాలు ఎంత పెద్దవంటే, అద్దంలో వెనక ఏం వస్తోందో వాటి సందుల్లోంచి చూసుకునేవాడు. హారన్ మీద పెట్టిన చెయ్యి తీయకుండా, పదండి పదండి అని ఒకటే అరుపు.

"యల్లా! యల్లా!"

"ఎక్కినాక ఇచ్చుకుందువులేమ్మా" అన్నాడు ఖాజా. "ముందు దావలో చెక్‌పోస్టులుండాయి."

వెంకటేశ్వరి ట్యాంకులు గతుకులు చేసిన దావ వైపు చూసింది, బస్సు వైపు చూసింది. ఏమీ అనకుండా గోడ నీడలో ఉన్న ట్రంకు పెట్టె మీద కూర్చుంది. నల్ల అబాయా ముసుగు మీదికి లాక్కుంది. బిడ్డను తన వైపు మొత్తం తిప్పుకుని, నోరు తెరిచేదాకా ఆగి, దగ్గరికి తీసుకుంది. ఏడుపు తెగింది.

మళ్ళీ హారన్ మోగింది. వెంకటేశ్వరి తల ఎత్తింది. ఇన్నేళ్ళూ అరబ్బు ఇంట్లో తల వంచుకుని "నఅమ్ మామా, నఅమ్ మామా" అని అన్నిటికీ సరే అన్న పిల్ల, ఆ మీసాల వాడి మొహంలోకి సూటిగా చూసి గట్టిగా అంది.

"షువయ్యా! షువయ్యా!"

నిదానం, నిదానం అని.

డ్రైవరు చెయ్యి హారన్ మీద నుంచి తీశాడు. దిగి, బస్సు నీడలో సిగరెట్టు వెలిగించి, దూరం నుంచే పెంచల్‌ను ఆడా మగా అని అడిగాడు. ఆడబిడ్డ అంటే మాషా అల్లా అన్నాడు. లోపల ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే కిందికి దిగి, గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. ఎవరో పేకముక్కలు తీశారు. గురమ్మ కిటికీలోంచి నా పులిహోర మూట విప్పుతోంది. అంత పెద్ద బస్సు, అంత మంది మొగోళ్ళు, ముందు అంత దూరం దావ, అన్నీ ఆగి ఉన్నాయి.

అబాయా లోపల చిన్న కదలిక కనబడింది. వెంకటేశ్వరి చిటికెన వేలితో బిడ్డను విడిపించి, ఏ తొందరా లేకుండా, రెండో వైపుకు మార్చుకుంది.